రుచీ, సంస్కారమూ, పోర్చుగీసు ద్రాక్షసారా

రుచి అనే మాటను అభ్యుదయవాదులు కొంచెం అనుమానంగానే చూస్తారు. కూడు లేనివాడి ముందు రుచుల ప్రసక్తి తేవటం అసభ్యమని వారి భావం. ఇందులో న్యాయం లేకపోలేదు. మన సాహిత్యంలో రుచుల గురించి ఎక్కువగా మాట్లాడినవాళ్లు కడుపు నిండినవాళ్లే. పల్నాడు వెళ్లి జొన్నకూడు మింగుడుపడక శ్రీనాథుడు చాటువులు చెప్పాడంటారు. ఆ జొన్నకూడే తిని ఆ నేల దున్నినవాడు ఆయనకు ఏం జవాబు చెప్పి వుంటాడో మనకు తెలీదు. ఆ జవాబును ఎవరూ తాటాకు మీదికి ఎక్కించలేదు. అయితే ఈ అనుమానాన్నే సిద్ధాంతం చేసి, రుచి అనేది పైవర్గాలవాళ్ల కల్పన అనీ, ఆకలి ఒక్కటే నిజమనీ తీర్మానించేవాళ్లున్నారు. వారితో నాకు పేచీ వుంది. ఆ పేచీని చాలా దూరపు వస్తువొకదాని మీద పెట్టి తేల్చుకోదలిచాను. ఆ వస్తువు పోర్చుగీసు ద్రాక్షసారా.

దూరపు వస్తువు అనటానికి కారణం వుంది. హైదరాబాదులో ఏ వీధికి వెళ్లినా ‘వైన్స్’ అనే బోర్డు కనిపిస్తుంది. లోపల వున్నదల్లా విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. వైను ఎక్కడో పై అరలో దుమ్ము పట్టి వుంటుంది. బోర్డు మీద వుండి సరుకులో లేని వస్తువు మన ఊళ్లో ఇంకా కొన్ని వున్నాయిగాని, ఇది మటుకు రాష్ట్రమంతటా ఒకే తీరున వుంది. విదేశపు వైను మన ఒడ్డుకు చేరేసరికి దాని మీద పడే సుంకం సంగతి చెప్పనక్కర్లేదు. 2021 బడ్జెట్‌లో 150 శాతం సుంకాన్ని 50కి తగ్గించి, వ్యవసాయం పేర 100 శాతం సెస్సు వేశారు. యాభై, నూరు కూడితే ఎంతో పిల్లలు కూడా చెప్పగలరు.

నేనుండే జహనుమా చార్మినారుకు దక్షిణాన, ఫలక్‌నుమాకు దగ్గర వున్న పేట. ఈ పేరుకు ఫార్సీలో లోకాన్ని చూపించేది అని అర్థం. ఫార్సీ కవిత్వం ఎరిగినవారికి ఈ విశేషణం దేనికి చెందుతుందో వెంటనే తట్టుతుంది. జమ్షీద్ చక్రవర్తి పానపాత్రకు. ఆ పాత్రలోకి చూస్తే లోకంలో జరిగేదంతా కనిపించేదట. (ఫిరదౌసి ఆ పాత్రను కైఖుస్రో చేతిలో పెట్టాడు, తర్వాతి కవులు జమ్షీద్‌కు బదలాయించారు.) మా పేటలో చాలామంది మతనియమం కొద్దీ మద్యం ముట్టరు. ముట్టకపోయినా, గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ పద్యాల నాటినుంచీ వస్తున్న ఆ పాత్రా, సాఖీ, మధుశాలా ఏమిటో వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. తాగటం వేరు, తెలియటం వేరు అనే విషయం మా పేటలో వివాదాంశం కాదు.

లిస్బన్ నుంచి వచ్చిన బంధువులు ఒక మిత్రుడికి తెచ్చి ఇచ్చిన మూడు సీసాలను మేం నలుగురం కూర్చుని రుచి చూశాం. ఒకటి ఉత్తర పోర్చుగల్‌లో చేసే ‘విన్యో వెర్దె’. పచ్చి సారా అని దాని అర్థం. రంగు పచ్చగా వుండదు, సారా లేతది, అంతే. రెండోది దోరు లోయలో చేసిన ఎర్రసారా. మూడోది అదే లోయ నుంచి వచ్చే ప్రసిద్ధమైన పోర్టు. మాలో ఎవరికీ ఈ విద్యలో ఓనమాలు రావు. సీసాల వెనక అంటించిన ఇంగ్లీషు చీటీల మీద మేమెన్నడూ తిని ఎరగని పండ్ల పేర్లున్నాయి. చీటీలు పక్కన పెట్టి మా మాటల్లో చెప్పుకోవటం మొదలుపెట్టాం. అప్పుడు ఒక విషయం బయటపడింది.

మాలో ఒకతను నల్లగొండ జిల్లా గౌడకులంలో పుట్టినవాడు. విన్యో వెర్దె నాలిక మీద పెట్టుకోగానే, పొద్దటిపూట దించిన ఈతకల్లుకు ఇది దూరపు చుట్టం అన్నాడు. ఆ సన్నటి చురుకు, నాలిక చివరన బుడగల చిటపట, తీపి పోయి పులుపు ఇంకా ముదరని స్థితి – అన్నీ అతనికి చిన్నప్పటినుంచీ తెలిసినవే. ఎర్రసారా తాగినప్పుడు చిగుళ్లు బిగుసుకుపోయాయి. ఈ గుణానికి ఇంగ్లీషువాళ్లు తోళ్లు ఊనటానికి వాడే పదార్థం పేరు పెట్టుకున్నారు. మనకు ఆ అవసరం లేదు. వగరు అనే మాట వుంది. నేరేడుపండు, ఉసిరి, పచ్చి అరటికాయ, మామిడిజీడి – వీటిలో ఒక్కొక్కదాని వగరు ఒక్కొక్క తీరుగా వుంటుందని తెలుగు పిల్లలకు తెలుసు. ఉగాదినాడు ఆరు రుచులనూ ఒకే దొప్పలో పెట్టి, వీటిని విడివిడిగా గుర్తుపట్టు అని ఏటేటా పరీక్ష పెట్టే జాతి మనది. దోరులో ‘తురీగ నసియొనాల్’ అనే ద్రాక్ష గొప్పదంటారు. దాని సారాలో మాకు పండిన అల్లనేరేడు కనిపించింది, మొదట పండు, తర్వాత గింజ. బైరాద ప్రాంతంలో పండే ‘బాగ’ ద్రాక్షలో వగరు ఇంకా ఎక్కువట. పోర్చుగల్ సొంత ద్రాక్షజాతులు రెండువందల యాభైకి పైగా వున్నాయి. మన మామిళ్ల పేర్లు నేర్చుకున్నవాడికి ఈ లెక్క భయం కలిగించకూడదు.

వస్తువు మాకు కొత్తది. నాలిక కొత్తది కాదు. దీన్నిబట్టి నా పేచీలో మొదటి సగం తేలిందనే నా ఉద్దేశం. రుచి పైవర్గాల కల్పన అయితే, చదువుకున్న ముగ్గురికీ అంతుపట్టని విషయం కల్లుమండువ పక్కన పెరిగినవాడికి ముందుగా పట్టకూడదు.

ఈ ప్రశ్నను డేవిడ్ హ్యూమ్ 1757లో అచ్చువేసిన వ్యాసంలో ఎత్తుకున్నాడు. అభిరుచికి ప్రమాణం వుందా, లేక ఎవరి రుచి వారిదేనా? జవాబుకోసం ఆయన సెర్వాంటెస్ దగ్గర ఒక కథ అరువు తెచ్చుకున్నాడు. సాంచో బంధువులిద్దరిని ఒక పీపాలోని సారా రుచి చూడమంటారు. మంచి సారాయేగాని కొంచెం తోలువాసన వుందంటాడు ఒకడు. ఇనుము వాసన వుందంటాడు రెండోవాడు. చుట్టూ వున్నవాళ్లు ఇద్దర్నీ వెక్కిరిస్తారు. పీపా ఖాళీ అయినాక చూస్తే అడుగున తోలుతాడు కట్టిన పాత తాళంచెవి. ఎవరి రుచి వారిదేనన్నవాళ్లకు దీనికంటె సూటి సమాధానం లేదు. తాళంచెవి పీపాలో వుంది, నాలికలో లేదు. ఇంకో సంగతి గమనించండి. ఆ ఇద్దరూ ప్రభువులు కారు. సాంచో ఒక పల్లెటూరి రైతు. వాళ్లు అతని చుట్టాలు. హ్యూమ్ దీని మీద ఆగలేదు. మనం ఆగాలి.

(మన ‘పీపా’ అనే మాట పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచే వచ్చింది. దోరు వర్తకంలో ఇప్పటికీ ఒక పీపా అంటే 550 లీటర్లు. వాళ్లు మనకు అల్మారా ఇచ్చారు, ఇస్త్రీ ఇచ్చారు, మేస్త్రీని ఇచ్చారు. మిరపకాయ, అనాస, జీడిమామిడి తెచ్చారు. పీపా తెచ్చారుగాని అందులోది మటుకు తమవద్దే వుంచుకున్నారు.)

ఇక రెండో సగం. రుచి నిజమే అయినా, ఏది ఎవరి నోటికి చేరుతుందో నిర్ణయించేది రుచి కాదు. ఇంగ్లీషువాళ్లు పోర్టు తాగటానికి కారణం నాలిక కాదు, సంధిపత్రం. 1703లో మెథ్యుయెన్ సంధి ప్రకారం పోర్చుగల్ ఇంగ్లీషు ఉన్నిబట్టలను రానిచ్చింది. దానికి బదులు పోర్చుగీసు సారా మీద సుంకం ఫ్రెంచి సారా మీది సుంకంలో మూడింట రెండు వంతులకు మించకూడదన్నారు. ఫ్రాన్సుతో యుద్ధాలు నడుస్తున్న రోజులవి. ఒక తరం గడిచేసరికి పోర్టు తాగటం ఇంగ్లండులో దేశభక్తికీ, పెద్దమనిషి లక్షణానికీ గుర్తయింది. 1817లో రికార్డో తన అంతర్జాతీయ వర్తక సిద్ధాంతానికి ఈ జంటనే ఉదాహరణగా తీసుకున్నాడు. పోర్చుగల్‌లో సారాకు ఏడాదికి 80 మంది శ్రమ, బట్టకు 90 మంది శ్రమ. ఇంగ్లండులో బట్టకు 100, సారాకు 120. అందుచేత పోర్చుగల్ సారాయే చెయ్యాలి, ఇంగ్లండు బట్టే నెయ్యాలి, ఇద్దరికీ లాభం. లెక్క తప్పు లేదు. కాని మగ్గాలు పెట్టుకున్న దేశానికేమైందో, తీగెలు పెట్టుకున్న దేశానికేమైందో తర్వాతి చరిత్ర చెప్పింది. బట్టల విషయంలో ఇంగ్లండు ధర్మం ఎట్లాంటిదో చీరాల, పొందూరు నేతగాళ్ల వారసులకు వేరే చెప్పాలా!

హ్యూమ్ వ్యాసం అచ్చయిన 1757 మన లెక్కలో మరొక రకమైన ఏడు. జనవరిలో బొబ్బిలి కోట తగలబడింది. జూన్‌లో ప్లాసీ. ఆ రెంటికీ మధ్య, ఫిబ్రవరిలో, పోర్టో పట్నంలో సారాకొట్ల జనం తిరగబడ్డారు. అంతకు ముందటి ఏడే పొంబాల్ మంత్రి దోరు సారా వర్తకాన్ని ఒక కంపెనీకి కట్టబెట్టాడు, ఏ పొలం పోర్టుకు పనికివస్తుందో ఏది పనికిరాదో తర్వాత హద్దురాళ్లు పాతించాడు. చిల్లర దుకాణదారుల బతుకు దెబ్బతిన్నది. తిరగబడినవారిలో పలువుర్ని ఉరితీశారు. అయితే ఈ పొంబాలే సారాకు దొంగరంగు తేవటానికి వాడే ఎల్డరు చెట్లను ఆ ప్రాంతంలో పీకించాడు. కంపెనీ గుత్తాధిపత్యమూ, కల్తీ నిరోధమూ ఒకే చేతితో వచ్చాయి. చరిత్ర మనకు అనుకూలంగా మంచిని ఒక సంచీలోనూ చెడును మరో సంచీలోనూ కట్టి ఇవ్వదు.

దోరు లోయలో మట్టి తక్కువ. పలకరాయి. ఆ రాయిని గడ్డపారలతో పగలగొట్టి, కొండ ఏటవాలునంతా మెట్లుమెట్లుగా గోడలు కట్టి, ఆ సందుల్లో తీగెలు నాటారు. పగలంతా ద్రాక్ష కోసి, వీపుమీద ఎత్తైన బుట్టల్లో మోసుకొచ్చిన మనుషులే, రాత్రి రాతితొట్లలో దిగి ఆ పండ్లను కాళ్లతో తొక్కేవారు. మొదటి రెండు మూడు గంటలు భుజం భుజం కలిపి, వరసలో, ఆజ్ఞకు అడుగు వెయ్యాలి. దీనికి ‘కోత’ అని పేరు. తర్వాత వరస విప్పేస్తారు, వాద్యం మొదలవుతుంది, ఎవరికి తోచినట్టు వాళ్లు తొట్టిలో తిరుగుతూ తొక్కవచ్చు. దీనికి ‘స్వేచ్ఛ’ అని పేరు. ఆ పేరు పెట్టినవాడు హాస్యానికి పెట్టాడో నిజంగానే పెట్టాడో నాకు అంతుపట్టలేదు. యంత్రాలు వచ్చినా, కొన్ని తోటల్లో ఈనాటికీ కాళ్లతో తొక్కటం వుంది.

ఈ లోయ మీద పోర్చుగల్‌లో మన ధోరణికి చెందిన రచయిత ఒకడు మూడు నవలలు రాశాడు. ఆల్వెస్ రెదోల్ (1911–1969) ‘పోర్ట్-వైన్’ నవలామాలిక 1949, 1951, 1953 సంవత్సరాల్లో వెలువడింది. నియంత సలజార్ పాలనలో, సెన్సారు కత్తి కింద, సీసా వెనక వున్న మనిషిని చూపించటమే ఆ నవలల పని. పోర్చుగల్ వస్తువుకు ఇంగ్లీషు పేరు తగిలించటంలోనే సగం విమర్శ వుంది. పంట దోరు రైతుది, పేరు లండను వర్తకుడిది.

శ్రమ నాలికకు తగలదు. దీన్ని దాచుకోవలసిన పని లేదు. ఎర్రసారాలో నేరేడు తగులుతుందిగాని, రాయి పగలగొట్టినవాడి కూలి ఎంతో తగలదు. రెదోల్‌ను చదివినవాడికి పోర్టు మరింత తియ్యగానూ వుండదు, చేదుగానూ మారదు. తాళంచెవిని నాలిక పట్టగలదు. దాన్ని పీపాలో పడేసినవాడెవడో పట్టలేదు. అక్కడ విమర్శ కావాలి. రుచి వుంటే చాలు అనుకునే రసికుడూ, విమర్శ వుంటే రుచి అక్కర్లేదనుకునే సిద్ధాంతీ, ఇద్దరూ సగం పని చేసి పూర్తి కూలి అడుగుతున్నారు.

అన్నిటికంటె గట్టి ఆక్షేపణ ఇంకా మిగిలే వుంది. అది సిద్ధాంతుల దగ్గర్నుంచి వచ్చింది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. 1990ల మొదట్లో, సాక్షరతా ఉద్యమంలో అక్షరాలు దిద్దుతున్న ఆ స్త్రీలు, 1992 నాటికి సారాపాటలను ఆపించే దాకా వచ్చారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో పోయింది. తెలుగులో మద్యం రుచి గురించి ఒక్క వాక్యం రాసినా ఆ స్త్రీల ముందు నిలబడి రాసినట్టే. మగవాడి కూలి సారాకొట్లోనూ, దెబ్బలు ఇంట్లోనూ జమ అవుతున్నప్పుడు, పుల్లటి సారా, వగరు సారా అంటూ తేడాలు చెప్పేవాడి మొహాన వాళ్లు ఉమ్మేస్తే తప్పుపట్టేవాడెవడు?

ఈ ఆక్షేపణకు అందరూ చెప్పే జవాబొకటి వుంది. దూబగుంట సారాలో రుచి అనేదే లేదు. 1980లలో వారుణివాహిని పేరుతో ప్రభుత్వమే ప్లాస్టిక్ పాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చిన ఆ ద్రవాన్ని మూల కొరికి గొంతులో పిండుకునేవారు. నాలికకు అక్కడ పనే లేదు. ప్రభుత్వం అమ్మింది మద్యం కాదు, మైకం. ఇదంతా నిజమే. కాని ఈ జవాబుతో తప్పించుకుందామనేవారికి పోర్చుగల్ అడ్డుపడుతుంది. సలజార్ రోజుల్లో అక్కడి ప్రభుత్వం గోడలమీద చేసిన ప్రచారం ఏమిటంటే, సారా తాగటమంటే పది లక్షలమంది పోర్చుగీసులకు రొట్టె పెట్టడమేనని. నేరేడు పరిమళం వున్న సారాయే, శతాబ్దాల సంస్కారం వున్న సారాయే, పేదవాడి నోరు మూయించటానికి అంత చక్కగానూ పనికివచ్చింది. మంచి సారా తాగేవాడు చెడిపోడనే రసికుల వాదానికి ఆధారం లేదు. పాకెట్‌నూ సీసానూ వేరుచేసేది అందులోని ద్రవం కాదు. పక్కన అన్నం పళ్లెం వుందా, మర్నాడు పని వుందా, చేతిలో తీరిక వుందా, ఇంట్లో వున్న మనిషికి వద్దు అనే అధికారం వుందా – వేరుచేసేవి ఇవి. ఈ చివరిది లేనిచోట రుచి గురించిన చర్చను వాయిదా వెయ్యటమే ధర్మం. దూబగుంట స్త్రీలు రుచి వుందా లేదా అని వాదించలేదు. ఖర్చు ఎవరు భరిస్తున్నారో చెప్పారు. ఖర్చు భరించేవారి మాట ముందు చెల్లాలి.

అయితే వాయిదా వేరు, రద్దు వేరు. రద్దు చేస్తే ఏమవుతుందో తెలియటానికి మనం లిస్బన్ దాకా పోనక్కర్లేదు. మన కల్లు చాలు.

గీతకార్మికుడి దగ్గర ఒక శాస్త్రం వుంది. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని చెట్టునుబట్టీ రుతువునుబట్టీ కల్లుకు పేర్లున్నాయి. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. పొద్దటిది వేరు, మాపటిది వేరు. ఏ చెట్టుది ఏ లొట్టిలో వుందో నాలికతో చెప్పగల పెద్దవాళ్లను మా మిత్రుడు ఎరుగును. మోకు, ముస్తాదు, గీతకత్తితో చెట్టెక్కే ఈ పనిలో ప్రాణాపాయం వుంది. జారిపడేవాళ్లకోసం రక్షణ సామగ్రిని ప్రభుత్వం 2024లోగాని ఇవ్వటం మొదలుపెట్టలేదు. రాబడి మటుకు గోలకొండ నాటినుంచీ వసూలవుతూనే వుంది. పదిహేడో శతాబ్దంలో వచ్చిన తావెర్నియే, కల్లు మీది పన్నువల్ల గోలకొండ రాజుకు మంచి ఆదాయమని రాశాడు. నిజాం ఆబ్కారీ ఆదాయం ఎంత ముఖ్యమైనదంటే, 1947–48లో ఆ ప్రభుత్వాన్ని దెబ్బతియ్యటానికి ఉద్యమకారులు ఈతచెట్లు నరికారు. ఖజానాను కొట్టబోతే దెబ్బ ముందుగా తగిలింది చెట్టెక్కేవాడికి. ఈ సంగతి మన పోరాటచరిత్రల్లో ఒక వాక్యానికి మించి రాదు.

ఇన్ని వందల ఏళ్లలో ఒక్క ప్రభుత్వానికైనా కల్లు రుచి ఏమిటనే ప్రశ్న తట్టలేదు. తట్టకపోవటం చేతనే కల్తీకి దారి దొరికింది. చెట్టు కల్లు చాలకపోతే నీళ్లు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్. ఆ తర్వాత నిద్రమాత్రల మందులు. అలవాటుపడినవాడికి అసలు కల్లు పోస్తే ఇది కల్లు కాదంటాడు. నాలికను చంపితే తప్ప ఈ వ్యాపారం సాగదు. హైదరాబాదు నగరంలో కల్లుదుకాణాలను 2004లో మూయించారు, 2014లో తెరిపించారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగినవాళ్లు ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. తర్వాత నమూనాలు తీసుకుని పరీక్షకు పంపారు. మన దేశంలో పేదవాడి పానీయాన్ని ప్రభుత్వం రుచి చూసేది శవపరీక్ష వేళకే.

పోర్టోలో 1933 నుంచీ ఒక ప్రభుత్వ సంస్థ వుంది. దాని కింద రుచిచూసేవాళ్ల సంఘం పనిచేస్తుంది. పోర్టు అనే పేరుతో ఏ సారా బయటికి పోవాలన్నా, ఎవరు చేశారో చెప్పకుండా వాళ్ల ముందు పెడతారు. వాళ్లు నాలికతో చూసి ఒప్పుకుంటేనే ముద్ర. సలజార్ కాలంలో పుట్టిన ఆ సంస్థ నియంతృత్వం 1974లో కూలిపోయినాక కూడా మిగిలింది. సాంచో చుట్టాలకు పోర్చుగల్ జీతమిచ్చి పెట్టుకుందన్నమాట. నల్లగొండలోనూ, యాదాద్రి పల్లెల్లోనూ, లొట్టి వాసన చూసి ఇది ఏ చెట్టుదో, ఇందులో ఏం కలిసిందో చెప్పగల మనుషులు ఇంకా వున్నారు. చాలామందికి అరవై దాటింది. వాళ్ల కొడుకులు చెట్టెక్కటం లేదు. అట్లాంటివాళ్లను పదిమందిని కూర్చోబెట్టి, దుకాణాల కల్లును పేరు చెప్పకుండా వాళ్ల ముందు పెట్టటానికి ఎంత ఖర్చవుతుందో ఆబ్కారీ శాఖ లెక్కవేసి చూడవచ్చు.